పటికబెల్లం చిటపటలు

ఆదివారం. కావలిలో పొద్దున్నే ఉక్కపోత, దానికి తోడు కరెంటు లేదు. వరండాలో విసనకర్రతో కూర్చుని ఫోన్ తీస్తే, మావాడు రాత్రెప్పుడో పంపిన వాట్సాప్ ఫోటో కనిపించింది. ఒక సీసా, దాని కింద ‘టీ బీరు’ అని రెండే మాటలు. వాడు జర్మనీలో, ఓల్డెన్‌బర్గ్‌లో చదువుతున్నాడు. నాకు దాచకుండా చెబుతాడు, అది మంచిదే. నా టెన్షనంతా అమ్మ చెవిన పడుతుందేమోనని.

1992లో మేం కలిగిరి దగ్గర పల్లెలో ఉండేవాళ్లం, సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన దూబగుంటకి పెద్ద దూరం కాదు. సారా అంగడి ముందు చీపుర్లు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లలో అమ్మ కూడా ఉంది. 1993లో సారా నిషేధం, 1995లో మొత్తం మద్యనిషేధం, 1997లో దాన్ని సడలించడం, ఇవి ఆమెకి మా పుట్టినరోజులకంటే బాగా గుర్తు. సారా మానేశాక నాన్న టీకి మరిగాడు. రోజుకి ఏడెనిమిది గ్లాసులు. టీ పొడి ఖర్చుకి అమ్మ గొణిగేది గానీ, ఆయన అడిగితే గిన్నె పొయ్యెక్కకుండా ఉండేది కాదు.

సాయంత్రం నాలుగింటికి మావాడు ఫోన్ చేశాడు. స్పీకర్ ఆన్‌లో ఉన్న సంగతి మరిచిపోయాను.

“ఏందిరా అబ్బయ్యా, టీని తీసకపోయి బీరులో కలిపారా? పొయ్యేకాలం కాకపోతే!” అంది అమ్మ.

వాడు జంకలేదు. వాళ్ల ఊరికి దగ్గర్లోనే ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్ అని సముద్రపు ఒడ్డు ప్రాంతం ఉందట. అక్కడ మనిషికి ఏడాదికి దాదాపు 300 లీటర్ల టీ లాగిస్తారు, ఆకు ఎక్కువగా మన అస్సాందే. కప్పులో ముందు పటికబెల్లం ముక్క, దాని మీద వేడి డికాక్షన్, పైన అంచు వెంట మీగడ. కలపకూడదు. మొదట మీగడ కమ్మదనం, తర్వాత చేదు, అడుగున తీపి. మూడు కప్పులు తాగడం మర్యాద. చాలనుకుంటే చెంచా కప్పులో పెట్టాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు.

ఈ రుచినే ఆ బీరు చేసినాయన సీసాలోకి దించాలని చూశాడట. బీరు పులిశాక ఆకుని చల్లగానే నానబెడతారు, మరిగిస్తే వగరెక్కుతుంది. మీగడ వేస్తే కొవ్వుకి నురగ నిలవదు, అందుకని పాలలో ఉండే చక్కెర కలుపుతారు. ఈస్టు దాన్ని తినలేదు కాబట్టి తీపీ చిక్కదనమూ మిగిలిపోతాయి. ఎలా ఉందిరా అంటే, “బాగానే ఉంది, కానీ టీలా లేదు” అన్నాడు. మరెందుకంత హడావిడి?

అమ్మని లొంగదీసింది మాత్రం వాడు చెప్పిన పాత ముచ్చట. 1770ల చివర్లో అక్కడి రాజు, టీ కోసం డబ్బంతా పరదేశం పోతోందని దాన్ని మాన్పించి, జనం చేత బీరు తాగించాలని చూశాడట. జనం వినలేదు, దొంగచాటుగా టీ తెప్పించుకున్నారు. చివరికి రాజే తగ్గాడు.

“సర్కారోడు బీరు తాగమన్నాడా?” అమ్మ కళ్లజోడు సర్దుకుంది. “మంచోళ్లేరా ఆ జనం.”

బీరు సంగతి అక్కడితో వదిలేసింది. లేచి దేవుడి గూట్లోంచి పటికబెల్లం డబ్బా తెచ్చింది. పింగాణీ కప్పులో ఉసిరికాయంత ముక్క వేసి, పాలు లేని డికాక్షన్ వడకట్టి సన్నటి ధారగా పోసింది. చిట్‌మని ఒక చప్పుడు, వెంటనే ఇంకోటి. అమ్మ కప్పు దగ్గరికి వంగి చెవి పెట్టింది. ఈ మధ్య టీవీ కూడా సరిగ్గా వినపడదనే మనిషి, ఆ చిటపట విని నవ్వింది.

మీగడ దగ్గరే దెబ్బతిన్నాం. వాడు చెప్పింది పచ్చిపాల మీద తేరే పల్చటి మీగడ. మాది కాచిన పాల మీద అట్టులా కట్టింది. మబ్బులా విచ్చుకోవాల్సింది పోయి ముద్దగా తేలింది. చెంచాతో నొక్కితే మునిగి మళ్లీ లేచింది. అమ్మ కాసేపు చూసి, అలవాటుగా సాసర్లోకి వంచుకుని, మీగడతో సహా జుర్రేసింది. కలపకూడదన్న ముచ్చట అక్కడితో సరి.

“ఇంకో కప్పు పొయ్. మూడన్నాడుగా.”

మూడోదానికి చెంచా కప్పులో పెట్టింది. గిన్నెలో మీగడంతా అయిపోయింది. రేపు వెన్న తీద్దామనుకున్నాను, ఇక వచ్చేవారమే.