డౌన్ కంఫర్టర్ ఇంట్లోనే ఉతికాను

ఉతకడం ఒక ఎత్తు, ఆరబెట్టడం ఒక ఎత్తు. డౌన్ కంఫర్టర్‌కి, అంటే లోపల ఈకల నూగు నింపిన బొంతకి, ఈ మాట అచ్చంగా సరిపోతుంది.

చికాగోలో చలి కాస్త తగ్గగానే మా క్వీన్ సైజు కంఫర్టర్ బయటికి తీశా. దాని మీద పాప ఒలకబోసిన పాల మరక, వాసన. లేబుల్ మీద నీళ్లలో ఉతకొచ్చనే ఉంది. డ్రై క్లీనింగ్ వాళ్లు చెప్పిన రేటు విన్నాక ఇంట్లోనే కానిచ్చేద్దామనుకున్నా.

డౌన్ అంటే మామూలు ఈక కాదు. బాతుల ఒంటి మీద పై ఈకల కింద ఉండే నూగు. అది విచ్చుకుని గాలిని పట్టి ఉంచబట్టే మనకి వెచ్చదనం. మన జుట్టులాగే అదీ కెరటిన్, అంటే ప్రొటీన్. అందుకని ఎంజైములున్న డిటర్జెంట్ పక్కన పెట్టి, ఉన్నిబట్టలకి వాడే లిక్విడ్ కొంచెమే పోశా. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ జోలికి పోలేదు, అది నూగుకి పూతలా పట్టేస్తుంది.

అంతకుముందే కంఫర్టర్ మీద గళ్లుగా వేసిన కుట్లు గడిగడికీ చూసి, ఒక మూల వదులైన చోట సన్న సూదితో బిగించా. కుట్టు ఊడితే వాషర్ నిండా ఈకలే మరి! మాది ఫ్రంట్ లోడ్ కాబట్టి సరిపోయింది. మధ్యలో స్తంభం తిరిగే పాత రకం టాప్ లోడ్ అయితే వేసేదాన్నే కాదు, గుడ్డ చిరుగుతుంది. జెంటిల్ సైకిల్, చన్నీళ్లు, నురగ పోయేదాకా మళ్లీ రిన్స్, చివర్లో ఇంకోసారి స్పిన్.

బయటికి తీశాక చూస్తే గుండె గుభేలుమంది. అంత ఉబ్బుగా ఉండేది కాస్తా పల్చటి గుడ్డయిపోయి, గడికో ముద్ద. పైగా తడి కోడి వాసన. తడికి బరువెక్కి ఉంటుంది కాబట్టి ఒక కొస పట్టుకుని లాగకుండా, కింద రెండు చేతులూ పెట్టి ఎత్తుకోవాలి.

డ్రయర్‌లో లో హీట్ పెట్టి, ఉన్ని బంతులు కూడా వేశా. అరగంటకోసారి తీసి దులపడం, ముద్దల్ని వేళ్లతో విడదీయడం, మళ్లీ వేయడం. ఇదే పని. దూదేకులవాళ్లు పరుపు దూది ఏకినట్టే, కాకపోతే గుడ్డ పైనుంచి. ఫోన్‌లో అమ్మ, “ఎండలో పడేస్తే పోయేదానికి ఇంత గొడవేంటే?” అంది. ఇక్కడి ఏప్రిల్ ఎండకి రుమాలు ఆరితే గొప్ప.

గుడ్డ ఎప్పుడో ఆరిపోతుంది, దాన్ని చూసి మోసపోకూడదు. కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే విడిపోని ముద్దలు నల్లమచ్చల్లా కనిపిస్తాయి. వాటిని నొక్కితే చేతికి చల్లగా తగులుతుంది. ఆ తడి ఉండగా మడత పెడితే బూజే. సాయంత్రానికి మచ్చలన్నీ పోయాయి, వాసనా పోయింది. అయినా అనుమానం తీరక రాత్రంతా కుర్చీల మీద పరిచి, పొద్దున్నే డ్రయర్‌లో ఇంకో విడత తిప్పా.

మడిచి గుడ్డ సంచిలో పెట్టా. ప్లాస్టిక్ కవర్లో పెడితే గాలాడదు. కంఫర్టర్‌కి తొడిగే గుడ్డ కవర్ కూడా ఒకటి ఆర్డర్ చేశా, ఈసారి పాలు ఒలికితే దాన్ని ఉతికితే చాలు.