పాత తెరచాప పడవకు డెక్కు, వాల్వులు, వైరింగు మార్చుకున్న అనుభవం

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో తిప్పుకోవడానికి 1980ల తొలినాళ్లలో తయారైన ముప్పై అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ ఒకటి కొన్నాను. కొనే ముందు పడవను పరీక్షించిన సర్వేయరు ఇచ్చిన నివేదికలో లోపాలు పేజీల కొద్దీ ఉన్నాయి. డెక్కులో (పడవ పైతలంలో) తేమ, నల్లబడిన వైర్లు, నీటిమట్టానికి కింద ఉన్న పాత ఇత్తడి వాల్వులు, గట్టిపడిపోయిన గొట్టాలు, మాస్టును (తెరచాప స్తంభాన్ని) నిలబెట్టే ఉక్కు తీగల మీద తుప్పు మరకలు అందులో ముఖ్యమైనవి. ఇలాంటి పడవ చేతికి వచ్చినప్పుడు చాలామంది కొత్త జీపీఎస్ తెరతోనో కొత్త పరుపులతోనో మొదలుపెడతారు. నా అభిప్రాయంలో ముందుగా చూడవలసినవి పడవను ముంచగలిగేవి, ఆ తరువాత పైనుంచి నీరు దిగే దారులు, ఆపైన నిప్పు పుట్టించగలిగేవి. సౌకర్యాల వంతు వీటన్నిటి తరువాతే. కారుతున్న డెక్కు కింద ఎంత ఖరీదైన వైరింగు వేసినా అది కొన్ని వానాకాలాలకు మించి నిలవదు.

నేను పుట్టి పెరిగిన కాకినాడ తీరంలో చెక్క పడవలకు పలకల సందులోంచి నీరు వస్తే అది ఎక్కడినుంచి వస్తున్నదో కంటికి కనిపిస్తుంది. ఫైబర్‌గ్లాస్ పడవ తన జబ్బును అలా బయటపెట్టదు. దాని డెక్కు రెండు పలుచని ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టి చేసినది. తేలికైన ఆ చెక్క వల్ల డెక్కు బరువు పెరగకుండానే బిగువుగా ఉంటుంది. అయితే ఒక బోల్టు రంధ్రంలోంచి నీరు లోపలికి దిగితే, పైకి నిగనిగలాడుతూ ఉండగానే లోపలి చెక్క ఏళ్ల తరబడి కుళ్లుతూ పోతుంది.

బోట్‌యార్డులో పడవను నీళ్లలోంచి ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టించిన తరువాత మొదట వాల్వుల పని పట్టాను. ఇళ్లలో పైపులకు వాడే రకం గేట్ వాల్వులే అక్కడ ఉన్నాయి. ఇత్తడిలోని జింకును సముద్రపు నీరు మెల్లగా తినేస్తుంది. మిగిలేది గుల్లబారిన రాగి మాత్రమే. ఒక వాల్వు కాడను పట్టకారుతో కొంచెం తిప్పగానే అది పుటుక్కున విరిగింది. విరిగిన చోట లోహం పసుపుపచ్చగా కాక లేత గులాబీ రంగులో, వేలిగోటికి పొడి రాలేలా ఉంది. ఒకటిన్నర అంగుళాల రంధ్రం నీటిమట్టానికి రెండడుగుల కింద తెరుచుకుంటే నిమిషానికి వంద లీటర్లకు మించి నీరు లోపలికి వస్తుంది. సాధారణంగా ఇలాంటి పడవల్లో ఉండే చిన్న బిల్జ్ పంపు (పడవ అడుగున చేరిన నీటిని తోడేది), గొట్టం ఎత్తును లెక్కలోకి తీసుకుంటే, దానిని తట్టుకోలేదు.

వాటి స్థానంలో సముద్రపు నీటి దారిని మూసి తెరిచే, వెడల్పైన పునాది ఉన్న కంచు వాల్వులు, అంటే సీకాక్‌లు పెట్టాను. ఈ పనిలో జాగ్రత్తగా చూడవలసినది మరలు, అంటే బిగించే చుట్ల గాడులు. హల్లును (పడవ ఒంటిని) దాటి వచ్చే కంచు గొట్టానికి తిన్నటి మరలు ఉంటాయి, మామూలు బాల్ వాల్వుకు కొనవైపు సన్నబడే మరలు ఉంటాయి. రెండూ కలిసినట్టే అనిపించినా నిజానికి పట్టేవి రెండు మూడు చుట్లే. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం సీకాక్ లోపలి కొన మీద 500 పౌండ్ల బరువు 30 సెకన్ల పాటు మోపినా అది చెక్కుచెదరకూడదు. తిన్నటి మరలే ఉన్న అసలైన సీకాక్‌ను, కింద మందపాటి ఫైబర్‌గ్లాస్ దిమ్మె వేసి బిగిస్తేనే ఆ బలం వస్తుంది. ధర ఎక్కువే, కానీ నా లెక్కలో పొదుపు చేయకూడని మొదటి చోటు ఇదే.

డెక్కు పనిని వేసవిలో పెట్టుకున్నాను. ఇక్కడ మే నుంచి సెప్టెంబరు వరకు వాన దాదాపు ఉండదు కాబట్టి తెరిచిన డెక్కును ఆరబెట్టుకోవడానికి అదే అనువైన కాలం. మొదట ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవరును తిరగేసి డెక్కంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్లాను. చెక్క గట్టిగా ఉన్నచోట టక్కుమని మోగుతుంది, కుళ్లినచోట మొద్దుగా, అణిగినట్టు వినిపిస్తుంది. అలా వినిపించిన ప్రతిచోటా మాస్కింగ్ టేపు అంటించి చూస్తే, ఆ మచ్చలన్నీ అంచు రెయిలింగు స్తంభాల అడుగున, మాస్టు చుట్టూ, ముందువైపు హాచ్ (డెక్కు మీది తలుపు) మూలల్లో గుంపుగా తేలాయి. అవన్నీ బోల్టులు దిగిన చోట్లే.

రంపపు బ్లేడు లోతును పై పొర మందానికే సరిపెట్టి, డెక్కు మీది గరుకు నమూనా గీతల లోపలివైపుగా కోసి, ఆ పొరను ఒక్క పలకగా పైకి లేపాను. కింద బాల్సా ముదురు గోధుమ రంగుకు తిరిగి, పిడికిట పడితే నీరు కారేంత తడిగా ఉంది. దాన్ని ఉలితో గీకి, కింది పొరను గరుకు కాగితంతో రుద్ది, ఫ్యాను పెట్టి పూర్తిగా ఆరనిచ్చిన తరువాతే కొత్త బాల్సా వేశాను. చెక్క పోగులు నిలువుగా ఉండేలా కోసిన పలకలనే తీసుకోవాలి. అప్పుడే నీరు పక్కలకు త్వరగా పాకదు. పలకలకు ముందు పలుచని ఎపాక్సీ జిగురు పట్టించి, సిలికా పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీలో కూర్చి, పైన ఇసుక సంచుల బరువు పెట్టాను. పాత పై పొరనే మళ్లీ అతికించి, కోత అంచులను మందానికి పన్నెండింతల వెడల్పున ఏటవాలుగా అరగదీసి, గ్లాసు బట్ట పొరలతో కలిపాను. తెల్లవారుజాము పొగమంచులో ఎపాక్సీ గట్టిపడితే పైన మైనం లాంటి జిగట పొర ఏర్పడుతుంది. తరువాతి పూత వేసే ముందు నీళ్లతో కడిగి తుడవకపోతే కొత్త పొర అంటుకోదు. కాబట్టి ఉదయం పదింటి తరువాత మొదలుపెట్టి, సాయంత్రం గోల్డెన్ గేట్ మీదుగా చల్లగాలి ఉధృతమయ్యేలోగా ఆపేయడం అలవాటు చేసుకున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైన భాగం దీని తరువాత మొదలైంది. ఒక్కో బోల్టు రంధ్రాన్ని కావలసినదానికంటే పెద్దగా తొలిచి, లోపలి బాల్సాను చుట్టూ కొంత మేర గీకి తీసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ రంధ్రం వేశాను. ఇలా చేస్తే రేపు బోల్టు సందును మూసే సీలెంట్ చెడిపోయినా నీరు ఎపాక్సీ గొట్టంలోంచి కేబిన్‌లోకి కారుతుందే తప్ప చెక్కను తాకదు. కారిన నీరు కనిపిస్తుంది, కనిపించినది బాగుచేసుకోవచ్చు. సీలెంట్‌గా శాశ్వతంగా అతుక్కుపోయే పాలీయురేథేన్ కాక, మెత్తని జిగట రబ్బరు లాంటి బ్యూటైల్ టేపు వాడాను. రంధ్రం పై అంచును కొద్దిగా గిన్నెలా అరగదీసి, బోల్టు మెడ చుట్టూ బ్యూటైల్‌ను చిన్న శంఖువులా చుట్టి దింపితే అది ఆ గిన్నెలో నిండిపోతుంది. బోల్టు తిరిగితే ఆ ముద్ర తెగిపోతుంది కాబట్టి ఇది ఇద్దరు చేయవలసిన పని. పైన స్క్రూడ్రైవరుతో బోల్టును కదలకుండా పట్టుకున్నది మా ఆవిడ, కేబిన్‌లో పడుకుని నట్టు తిప్పింది నేను. ఒకేసారి బిగించకుండా రెండు మూడు రోజుల తేడాతో కొంచెం కొంచెంగా బిగిస్తూ, ప్రతిసారీ అంచుల నుంచి ఉబికిన బ్యూటైల్‌ను ప్లాస్టిక్ బద్దతో కోసి తీశాం. వాషర్లకు బదులు మందపాటి అల్యూమినియం పలకలు పెట్టాం.

మాస్టు తీగలను హల్లుకు కట్టిపడేసే చెయిన్‌ప్లేట్లనే ఉక్కు పట్టీలను కూడా అప్పుడే ఊడదీశాను. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పుపట్టకుండా ఉండటానికి ఆక్సిజన్ కావాలి. డెక్కు మందంలో, తడిగా ఉండి గాలి తగలని ఆ అంగుళంలోనే దానికి గుంతలు, పగుళ్లు పడతాయి. పైనా కిందా మెరుస్తున్న ఒక పట్టీకి పగుళ్లలోకి చొచ్చుకుపోయే రంగు ద్రావకం రాసి తుడిచి, ఆ రంగును పైకి లాగే డెవలపర్ చల్లితే సరిగ్గా ఆ చోటనే వెంట్రుకవాసి ఎర్ర గీత తేలింది. అన్నిటినీ 316 రకం స్టీలుతో కొత్తగా చేయించాను, తీగలను కూడా మార్పించాను.

నీరు దిగే దారులన్నీ మూసుకున్నాకే వైరింగు జోలికి వెళ్లాను. పాత వైర్లకు తగరపు పూత లేదు. ఒకదాని తొడుగును అంగుళం ఒలిచి చూస్తే రాగి నల్లగా ఉంది, మరో అరడుగు లోపలికి ఒలిచినా నల్లగానే ఉంది. అలాంటి వైరుకు కొత్త కనెక్టరు నొక్కి బిగించి ప్రయోజనం లేదు. కొత్త వైరు మందాన్ని లెక్క వేసే ఎంచుకున్నాను. నావిగేషన్ దీపాలు, బిల్జ్ పంపు వంటి ముఖ్యమైన సర్క్యూట్లలో వోల్టేజీ నష్టం 3 శాతం దాటకూడదు, అంటే 12 వోల్టులకు 0.36 వోల్టు. ముందు కొనలోని 2 ఆంపియర్ల పాత దీపానికి రాకపోకలు కలిపి 60 అడుగుల వైరు అవుతుంది. 16 గేజీ వైరులో (గేజీ సంఖ్య తగ్గేకొద్దీ వైరు మందం) అప్పుడు దాదాపు అర వోల్టు పోతుంది, 14 గేజీలో 0.3 వోల్టుకు తగ్గుతుంది. ఎల్‌ఈడీ దీపాలు వేసుకున్నా వైరు మాత్రం 14 గేజీదే వేశాను. వైరు యాంత్రిక బలాన్ని కూడా చూసుకోవాలి కదా!

బ్యాటరీల విషయంలో ఇంజను స్టార్టింగుకు సీసపు బ్యాటరీనే ఉంచి, దీపాలు, ఫ్రిజ్, రేడియోలకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టాను. లిథియం ఎంత కరెంటు ఇస్తే అంతా తీసేసుకుంటుంది. నేరుగా కలిపితే, ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే పాత ఆల్టర్నేటరు వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకని మధ్యలో కరెంటును పరిమితం చేసే డీసీ-డీసీ చార్జరు తప్పనిసరి. ప్రతి బ్యాటరీ పాజిటివ్ కొన పక్కనే ఫ్యూజు ఉంది. బిల్జ్ పంపు మాత్రం మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, సొంత ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకి కలిసి ఉంటుంది.

ఇంజను పని సులువుగానే సాగింది. నీటిపంపులోని ఇంపెల్లరు చక్రం, ఇంజనును చల్లబరిచే హీట్ ఎక్స్చేంజరు శుభ్రం, మసితో సగం పూడిన ఎగ్జాస్ట్ గొట్టపు వంపు మార్పు, డీజిల్ ట్యాంకు కడగడం, అంతే. టాయిలెట్ గొట్టాలకు మాత్రం ఒక పరీక్ష చెప్పాలి. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను గొట్టానికి కాసేపు చుట్టి ఉంచి, చల్లారాక ఆ గుడ్డను దూరంగా తీసుకెళ్లి వాసన చూడాలి. గుడ్డకు వాసన పట్టి ఉంటే గొట్టం గోడలోంచే అది బయటికి వస్తున్నట్టు. అమెరికాలో తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ల లోపల శుద్ధిచేయని మురుగును నీళ్లలోకి వదలడం నిషేధం కనుక, మురుగు నిలవచేసే హోల్డింగ్ ట్యాంకు నుంచి బయటికి పోయే వాల్వును మూసి తాళం వేసి ఉంచాను.

నవంబరులో మొదలైన వానల్లో ప్రతి స్తంభం అడుగున, ప్రతి చెయిన్‌ప్లేటు పక్కన పొడి కాగితపు రుమాళ్లు అంటించి చూశాను. ముందువైపు హాచ్ దగ్గర ఒకటి తడిసింది. కారణం హాచ్ గాజు చుట్టూ ఉన్న పాత రబ్బరు. డెక్కు బోల్టుల దగ్గరవి అన్నీ పొడిగా ఉన్నాయి. హాచ్ రబ్బరు మార్చి, బ్యూటైల్ వేసిన నట్లన్నిటినీ మరొకసారి సరిచూసి, అఖాతంలోని రాకూన్ జలసంధి మీదుగా ఏంజెల్ ద్వీపం చుట్టి వచ్చాం. వచ్చే వేసవిలో పడవను మళ్లీ పైకెత్తినప్పుడు చుక్కాని బేరింగులు, ప్రొపెల్లరు షాఫ్ట్ సీలు చూడవలసి ఉంది.