అమ్మ చెప్పని మాట

పొద్దున ఆరింటి బస్సుకు చెల్లెతో దేవరకొండ నుంచి నల్గొండ వెళ్లాను. ప్రతి నెలా 9న సర్కారు దవాఖానల్లో గర్భిణులను డాక్టర్లు ప్రత్యేకంగా చూస్తారు. చెల్లెకు ఇది పన్నెండో వారం, తొలి కాన్పు.

"ఏ బాధా లేని పిల్లను ఎందుకు తిప్పుతవ్ బిడ్డా?" అని రాత్రే అమ్మ అడ్డుపడింది. నా ఎనిమిదో నెలలోనూ ఇంట్లో ఇదే ధైర్యం. కాళ్లు ఉబ్బితే నీరు పట్టిందన్నారు, తలనొప్పికి బామ్ రాశారు. కళ్ల ముందు మెరుపులు మొదలయ్యాక పరుగెత్తాం. బీపీ 170/110. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్లు ఇచ్చి, ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. బాబు కిలోన్నర కూడా లేడు. వాడిప్పుడు రెండో తరగతి. అయినా ఆ రాత్రి గుర్తొస్తే నాకు చేతులు చల్లబడతాయి.

డాక్టరమ్మ చెల్లెను ఐదు నిమిషాలు కూర్చోబెట్టి రెండు చేతులకూ బీపీ చూసింది. 110/70. ఒంట్లో వేరే జబ్బేమీ లేదు. నా సంగతి చెప్పాను. "మరి మీ అమ్మకు?" అంది. తెలియక ఫోన్ చేశాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "నువ్వు పుట్టినప్పుడు నాకు ఫిట్స్ వచ్చినయ్. మీ నాయనమ్మ గుర్రపువాతం అన్నది. మంచి మాటనా అది, కడుపుతోని ఉన్నోళ్లకు చెప్పనీకి?"

గుర్రపువాతమంటే గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే ఫిట్సే. ఆ బీపీ అమ్మకు వచ్చింది, నాకు వచ్చింది, చెల్లెకు తొలి కాన్పు. ఇప్పుడు బీపీ బాగున్నా, ముందుముందు పెరిగే ముప్పు తగ్గించే గోలీ రాయడానికి ఇవి చాలట. ఆస్పిరిన్ 150 మిల్లీగ్రాములు, రోజూ రాత్రి, 36 వారాల వరకు. ముందు కడుపులో పుండు, ఆయాసం, మందులు పడకపోవడం లాంటివేమైనా ఉన్నాయా అని అడిగింది. మాయ కుదురుకునేది ఈ తొలి నెలల్లోనే. దానికి రక్తం తెచ్చే నాళాలు సరిగా వెడల్పు కాకపోతే ఆ లోపం ఐదో నెల దాటాక బీపీగా బయటపడుతుంది. అందుకే 16 వారాల లోపే మొదలుపెట్టాలట. గోలీ వేసుకున్నా ప్రతిసారీ బీపీ, మూత్ర పరీక్ష తప్పవు.

నాకూ పన్నెండో వారంలో ఎవరైనా ఇదే అడిగి ఉంటే! అమ్మ మీద కోపం రాలేదు. భయపడి దాచింది.

రాత్రి అమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగాను. ఏ నెలలో వచ్చాయి, ఎన్నిసార్లు, తర్వాత బీపీ ఎన్నాళ్లుంది. చెల్లె గోలీ మింగి వచ్చి, అమ్మ చెప్పినవన్నీ తన కార్డు వెనక రాసుకుంది.