ఇంజను ఆపి ఉంటే 122

మూడు రోజులుగా బండి 2,500 ఆర్‌పీఎం దాటితే లాగడం లేదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా అక్కడే ఉంటుంది. మీటర్‌లో ఇంజను లైటు వెలిగే ఉంది. చూపించిన చోట రెండు నిమిషాలు శబ్దం విని, టర్బో (ఇంజనులోకి గాలిని నొక్కి పంపే భాగం) పోయింది, మార్చాల్సిందే అన్నారు. నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ ఏమీ కొలవకుండా అంత పెద్ద మాట చెప్పడం నా మనసుకు ఎక్కలేదు. రాత్రంతా అదే టెన్షన్.

ఇవాళ సెలవు. పొద్దున్నే, బండి పూర్తిగా చల్లగా ఉండగానే బానెట్ ఎత్తాను. మా అమ్మాయి కూడా వచ్చింది. బండి కంప్యూటర్ చెప్పేది చదివి చూపే స్కానర్ తన చేతికిచ్చాను.

పీ0236 అని కోడ్ వచ్చింది. చూడగానే కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. టర్బో చాలినంత గాలి నెట్టకపోతే మామూలుగా వచ్చేది పీ0299. ఈ 0236 వేరు, బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి) ప్రెషర్ సెన్సర్ చెబుతున్న లెక్క నమ్మేలా లేదని కంప్యూటర్ ఫిర్యాదు. లెక్క మీద నమ్మకం పోతే అది బూస్ట్ తగ్గించి, ఇంజనుకు దెబ్బ తగలకుండా చూసుకుంటుంది. లింప్ మోడ్ అనేది అదే. లాగకపోవడానికి కారణం అదే కావచ్చు, టర్బోకు ఏమీ కాకపోయినా.

స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేశాను. ఈ పరీక్ష నాకు చాలా ఇష్టం. ఇంజను తిరగడం లేదు, టర్బో తిరగడం లేదు. టర్బో నుంచి ఇంజనుకు గాలి వెళ్లే పైపులో ఉన్నది బయటి గాలే. కాబట్టి బూస్ట్ సెన్సర్ బయటి వాతావరణ పీడనమే చూపించాలి. కంప్యూటర్ డబ్బాలో బయటి పీడనం కొలిచే ఇంకో సెన్సర్ ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

"చదువమ్మా."

"బయటిది 98 కిలోపాస్కల్. పైపులోది 122."

ఆగి ఉన్న ఇంజనులో 24 ఎక్కువ! టర్బో ఎంత పాడైనా ఆగి ఉన్నప్పుడు గాలిని నొక్కలేదు కదా. తప్పు సెన్సర్‌లో గానీ వైరింగ్‌లో గానీ ఉండాలి.

ముందు మసిని అనుమానించాను. డీజిల్ బండ్లలో ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే ఏర్పాటు) నుంచి వచ్చే పొగా, ఇంజను నూనె ఆవిరీ కలిసి సెన్సర్ ముక్కుకు జిడ్డుగా పడతాయి. ఒక్క స్క్రూ తీస్తే సెన్సర్ చేతికొచ్చింది. కొన నల్లగా, జిగటగా ఉంది. ఎలక్ట్రానిక్స్ శుభ్రం చేసే స్ప్రే కొట్టి ఆరబెట్టాను. లోపల సున్నితమైన పొర ఉంటుంది కాబట్టి తీగ పెట్టి పొడవకూడదు. ఎంతో ఆశతో మళ్లీ బిగించి కీ తిప్పాను. 122. అంకె కదలలేదు.

ఇక కొత్త సెన్సర్ తెప్పించేద్దాం అనుకుంటున్నాను. అప్పుడు అమ్మాయి అడిగింది, "నాన్నా, ఇంజను నీళ్లు 29 డిగ్రీలు అంటోంది. లోపలికొచ్చే గాలి 23 అంటోంది. రాత్రంతా ఒకేచోట ఉన్నాయి కదా, రెండూ ఒకటే ఉండాలి కదా?"

ఉండాలి. స్క్రీన్ నేనూ చూశాను, ప్రెషర్ మీదే కళ్లు పెట్టి దాన్ని వదిలేశాను. మా బండిలో ప్రెషర్, గాలి వేడి రెండూ కొలిచేది ఒకే సెన్సర్. నాలుగు వైర్లు, అందులో ఎర్త్ ఒక్కటే, రెండింటికీ ఉమ్మడి. ఎర్త్ సరిగా అందకపోతే సిగ్నల్ వోల్టేజీలు రెండూ పైకి జరుగుతాయి. వోల్టేజీ పెరిగితే ప్రెషర్ ఎక్కువ కనిపిస్తుంది. వేడి కొలిచే భాగానికి వోల్టేజీ పెరగడమంటే చల్లగా ఉన్నట్టు లెక్క. మాకు కనిపిస్తున్నది సరిగ్గా ఇదే. ఎంత సంతోషమేసిందో! దాన్ని దగ్గరకు తీసుకున్నాను.

మల్టీమీటర్ తీశాను. కనెక్టర్ పెట్టి ఉండగానే వెనక నుంచి, రబ్బరు పక్కగా సన్నటి సూది దూర్చాను. సెన్సర్‌కు వచ్చే 5 వోల్టులు సరిగానే ఉన్నాయి. తర్వాత ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య చూశాను. దాదాపు సున్నా రావాల్సిన చోట 0.5. కంప్యూటర్ దగ్గర అదే వైరు మీద 0.02. అంటే ఆ అర వోల్టు దారి మధ్యలో ఎక్కడో పోతోంది.

వైర్ల మీది తొడుగు విప్పుకుంటూ వెళ్లాను. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపు క్లిప్పు అంచు వైర్ల కట్టను ఎప్పటినుంచో రాస్తూ ఉంది. ఒక వైరుకు గోరు గీసినంత చీలిక. వేళ్లతో వంచితే అక్కడ మెత్తగా తగిలింది. తొక్క ఒలిస్తే లోపల రాగి పచ్చగా చిలుము పట్టి పొడిగా రాలింది, నాలుగైదు పోగులు మాత్రం మిగిలాయి, అవీ చిలుము పట్టి తెగీ తెగనట్టున్నాయి. చూస్తూ కాసేపు అలాగే కూర్చున్నాను. ఇంత చిన్న చీలికకు మొత్తం టర్బో విప్పేసేవాళ్లు. కొత్తది వేశాక కూడా ఆ లైటు వెలుగుతూనే ఉండేది.

చిలుము పట్టినంత మేర కత్తిరించి, చిన్న వైరు ముక్క కలిపి సోల్డర్ చేసి, స్లీవ్ వేడిచేసి ముడుచుకునేలా చేశాను. కట్టను క్లిప్పుకు దూరంగా కట్టాను. అమ్మాయి టార్చి కదలకుండా పట్టుకుంది.

కీ ఆన్. 98, 98.

కోడ్ చెరిపేసి రోడ్డెక్కాం. 2,500 దాటింది, 3,000 దాటింది, బండి వెనక నుంచి ఎవరో తోసినట్టు ముందుకెళ్లింది. "210... 225..." అని పక్కనుంచి బూస్ట్ ప్రెషర్ గట్టిగా చదువుతోంది అమ్మాయి. లైటు రాలేదు.

రేపు పొద్దున స్టార్ట్ చేయకముందే నీళ్ల వేడి, గాలి వేడి మళ్లీ చూడాలి. తననే చదవమంటాను.