రెండు జిరాక్స్ పేజీలు

2022 అక్టోబరు. మా అమ్మాయి అప్పుడు ఏడో తరగతి. ఒకరోజు బస్సు దిగి వచ్చి, బ్యాగు సోఫా మీద పడేసి, "అమ్మా, నా పుస్తకం ఇవ్వరట" అంది. స్కూల్ లైబ్రరీలో ఒక నవల కోసం హోల్డ్ పెట్టుకుని మూడు వారాలుగా చూస్తోంది. తీరా తన వంతు వచ్చేసరికి అది "రివ్యూలో ఉంది" అన్నారట. ఎవరు చేస్తున్నారో, ఎన్నాళ్లు పడుతుందో లైబ్రేరియన్ చెప్పలేదట. "మిస్ మొహం అదోలా పెట్టింది" అని మాత్రం చెప్పింది.

మేం ఉండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఒక ఊళ్లో. మా స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఇక్కడి బడులన్నీ నడిపే సంస్థ, దాని పేరు రాయడం లేదు, పిల్ల ఇంకా అక్కడే చదువుతోంది. పుస్తకం పేరూ వద్దు. స్కూల్ లైబ్రరీల్లో ఏ పుస్తకాలు ఉండాలి, ఏవి తీసేయాలి అనే గొడవ ఇక్కడ మొదలై అప్పటికే ఏడాది అయింది. 2021 అక్టోబరులో ఒక రాష్ట్ర శాసనసభ్యుడు దాదాపు 850 పుస్తకాల జాబితా తయారుచేసి, ఇందులో మీ దగ్గర ఎన్ని ఉన్నాయో చెప్పండంటూ స్కూల్ డిస్ట్రిక్టులకు ఉత్తరాలు రాశాడు. 2022 ఆగస్టులో, రేపు బడి తెరుస్తారనగా, కెల్లర్ డిస్ట్రిక్టులో 41 పుస్తకాలు అరల్లోంచి తీయించారు. వాటిలో ఆన్ ఫ్రాంక్ డైరీ బొమ్మల రూపం ఉంది, చివరికి బైబిల్ కూడా ఉంది. అవన్నీ వార్తల్లో చదివి, అయ్యో అనుకుని, ఫోన్ పక్కన పెట్టి అన్నం వండుకున్న మనిషిని నేను.

ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ పెట్టాను. చాలా మర్యాదగా ఒక లింకు పంపారు. ఇక్కడ డిస్ట్రిక్టుని నడిపే స్కూలు బోర్డు పాలసీలకు అక్షరాలే పేర్లు. లైబ్రరీ, పాఠ్యపుస్తకాల సంగతి ఈఎఫ్ అనే కోడ్ కింద ఉంటుంది. ఆ రాత్రి గిన్నెలు కడిగాక కూర్చుని మొత్తం చదివాను. అభ్యంతరం ఫారం మీద రాసివ్వాలి, దాని మీద ఒక కమిటీ వేయాలి, కమిటీలో ఉన్నవాళ్లు పుస్తకం మొత్తం చదవాలి, నచ్చకపోతే బోర్డుకి అప్పీలు చేసుకోవచ్చు. వీటన్నిటి మధ్య ఒక చిన్న వాక్యం కనిపించింది. పరిశీలన నడుస్తున్నంతకాలం పుస్తకం అరలోనే ఉండాలి, తమ పిల్లలకి వద్దనుకున్న తల్లిదండ్రులు తమ పిల్లల వరకు వద్దనవచ్చు, అని.

అంటే వాళ్ల రూలు వాళ్లే తప్పారు. నాకు ధైర్యం వచ్చింది ఆ వాక్యం చూశాకే. భావప్రకటన స్వేచ్ఛ లాంటి పెద్ద మాటలు పట్టుకుని వెళ్లుంటే ఒక్క జవాబు కూడా వచ్చేది కాదేమో.

మా ఆయన మాత్రం, "ఎందుకొచ్చిన గొడవ మనకి? గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా తల వంచుకుని ఉందాం" అన్నారు. నవ్వేసే మాట కాదది. హెచ్1బీ మీద పదకొండేళ్లుగా ఉన్నవాళ్లకి ఆ భయం ఒంట్లోనే ఉంటుంది. కానీ బోర్డు ముందు మాట్లాడడానికి పౌరసత్వం అక్కర్లేదు, మా దగ్గర పేరు, ఊరి చిరునామా రాస్తే చాలు. ఎజెండాలో ఉన్న అంశం మీద జనం మాట్లాడతామంటే బోర్డు విని తీరాలని 2019లో టెక్సస్‌లో చట్టం కూడా వచ్చింది. ఓటు వేయాలంటేనే సిటిజన్ అయ్యుండాలి. మేలో జరిగే బోర్డు ఎన్నికలకి ఎలాగూ వేలమంది సిటిజన్లు కూడా కదలరు, అది వేరే బాధ.

పాలసీలోని ఆ వాక్యం పెట్టి మళ్లీ ఈమెయిల్ రాశాను. ఎనిమిది రోజులు ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద, ఈ పుస్తకం మీద వచ్చిన ఫిర్యాదు కాపీ ఇవ్వండని దరఖాస్తు పెట్టాను. మన సమాచార హక్కు లాంటిదే. గడువు పది పనిదినాలు. సరిగ్గా పదో రోజు సాయంత్రం ఒక పీడీఎఫ్ వచ్చింది. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు నల్లగా కొట్టేశారు, అది సబబే. ఫారంలో మూడో ప్రశ్న: పుస్తకం మొత్తం చదివారా? జవాబు: లేదు, కొన్ని భాగాలు. వెనకాల రెండు జిరాక్స్ పేజీలు, 84, 85. కొన్ని వాక్యాల మీద పసుపు మార్కర్.

సిటీ లైబ్రరీ వేరే సంస్థ, స్కూలు బోర్డు మాట అక్కడ చెల్లదు. మర్నాడే వెళ్తే అరలో కాపీ దొరికింది. రెండు రాత్రులు కూర్చుని చదివాను. పదమూడేళ్ల అమ్మాయి కథ. తెలిసినవాడే ఒకడు తనతో ఏం చేశాడో ఆ రెండు పేజీల్లో చెబుతుంది. ఉన్నమాట చెప్పాలంటే నాకు కడుపులో తిప్పింది. పన్నెండేళ్ల పిల్లకి ఇది ఇవ్వొచ్చా అని నేనూ ఆగాను. ఫిర్యాదు చేసినవాళ్లు ఎందుకు బెదిరారో ఆ నిమిషంలో అర్థమైంది.

పేజీ తిప్పితే 86. ఆ పిల్ల వంటింట్లోకి వెళ్లి తల్లికి చెబుతుంది. తల్లి స్టవ్ కట్టేసి, ఏమీ అనకుండా, నేల మీద కూతురి పక్కన కూలబడుతుంది. అక్కణ్ణుంచి పుస్తకం చివరిదాకా ఆ ఇద్దరి కథే. ఆ పేజీని ఎవరూ జిరాక్స్ తీయలేదు.

నవంబరు బోర్డు మీటింగ్‌కి పేరిచ్చాను. మనిషికి మూడు నిమిషాలు. నేను రాసుకున్నది ఫోన్‌లో టైమర్ పెట్టి చదివితే ఐదున్నర వచ్చింది. అందులో ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లిని బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రభుత్వం ఎలా నిషేధించిందో ఒక పేరా ఉంది. అప్పుడు మా దగ్గరికి వచ్చి ఉన్న అమ్మ అది విని, "ఏమే, వాళ్లకి మాలపల్లి ఎందుకే? మన పిల్ల సంగతి చెప్పు" అంది. కొట్టేశాను. నచ్చి రాసుకున్న పేరా కొట్టేయడం ఎంత కష్టమో!

మీటింగ్‌లో మా వంతు వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అప్పటిదాకా జిమ్ పైకప్పు రిపేరు టెండరు మీద చర్చ. మైకు పక్కన చిన్న ట్రాఫిక్ లైటు లాంటిది ఉంటుంది, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. నాకు ముందు మాట్లాడినాయన ఆ 84వ పేజీనే గట్టిగా చదివి, "ఇదా మీరు పిల్లలకి ఇచ్చేది?" అని కూర్చున్నాడు. హాల్లో సగం మంది చప్పట్లు. నా చేతిలో కాగితం వణుకుతోంది, పోడియం మీద ఆనించి పట్టుకున్నాను. ఆయన ఆపిన దగ్గర్నుంచి మొదలుపెట్టి 86వ పేజీ చదివాను. నా పిల్లకి ఏం ఇవ్వాలో నేను చూసుకుంటాను, పక్కింటి పిల్లకి వద్దనే హక్కు నాకు లేదు, వాళ్లకీ లేదు అన్నాను. పాలసీ వాక్యం సగం చదివేసరికి ఎర్రలైటు. బోర్డువాళ్లు ఒక్క మాట మాట్లాడలేదు. ఎజెండాలో లేని విషయం మీద వాళ్లు చర్చించకూడదని తర్వాత తెలిసింది గానీ, ఆ రాత్రి గోడకి చెప్పినట్టే అనిపించింది.

వీడియో వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కంగ్రాట్స్ కొన్ని. ఒక చెల్లెలు లాంటి అమ్మాయి విడిగా ఫోన్ చేసి, "మన పిల్లలకి ఇలాంటివి అవసరమా అక్కా?" అంది. తప్పు పట్టలేదు. "నీకు వద్దనిపిస్తే లైబ్రరీలో ఒక ఫారం ఇయ్యి, మీవాడికి ఇవ్వరు. మా దానికెందుకు ఆపాలి?" అన్నాను. "అదీ నిజమే" అంది, ఒప్పుకున్నట్టు కాదు, ఫోన్ పెట్టేయడానికి.

వారం తిరక్కుండా పుస్తకం మళ్లీ అరలోకి వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పలేదు, మా అమ్మాయి ఫోన్‌కి హోల్డ్ మెసేజ్ వచ్చింది, అంతే.

జనవరిలో కమిటీ. తల్లిదండ్రుల పేర్లు అడిగితే ఇచ్చినవాళ్లు తక్కువ, చీటీ తీస్తే నా పేరు వచ్చింది. ఏడుగురం, సాయంత్రం నాలుగింటికి, అందరి ముందూ పుస్తకాలు, వాటిలోంచి రంగురంగుల చీటీలు బయటికి. టీచర్లు, ఒక కౌన్సెలర్, ఇద్దరం పేరెంట్లం. ఆ కౌన్సెలర్ ఎక్కువ మాట్లాడలేదు. ఇలాంటి సంగతి నా గదికి వచ్చి చెప్పే పిల్లలకి మాటలు దొరకవు, అంది, అంతే. 5-2తో ఉంచాలని రాశాం. అప్పీలు వెళ్లింది. బోర్డు 4-3తో మిడిల్ స్కూల్ నుంచి తీసి హైస్కూల్‌కి పంపింది. గెలిచామా అంటే సగం. మా అమ్మాయి అప్పటికే చదివేసింది. చదివి ఏమీ అనలేదు, ఆ రాత్రి మాత్రం వచ్చి నా పక్కన పడుకుంది.

ఆ తర్వాత చాలా మారింది. 2025 మేలో, టెక్సస్‌లోని లానో కౌంటీ పబ్లిక్ లైబ్రరీ కేసులో, పుస్తకం తీసేశారని పాఠకులు భావప్రకటన స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం మొదటి సవరణ కింద కోర్టుకెళ్లలేరని ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తేల్చింది. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసు వినను పొమ్మంది. టెక్సస్‌కి ఆ తీర్పే దిక్కు. 2025 సెప్టెంబరు 1 నుంచి స్కూల్ లైబ్రరీల మీద ఎస్‌బీ 13 అనే రాష్ట్ర చట్టం అమల్లోకి వచ్చింది. ఫిర్యాదు తేలేదాకా పుస్తకం పిల్లలకి ఇవ్వకూడదు. నేను పట్టుకుని వేలాడిన ఆ చిన్న వాక్యం ఇక లేదు. కొత్తగా కొనే పుస్తకాల జాబితా 30 రోజులు జనానికి చూపించి, ఆపై బోర్డు ఒప్పుకోవాలి. నెలకోసారి ఆదివారం కాఫీ తాగుతూ ఆ జాబితా చదవడం ఇప్పుడు నాకో పని.

ఆ చట్టంలోనే ఇంకొకటి ఉంది. యాభై మంది తల్లిదండ్రులు సంతకాలు పెడితే డిస్ట్రిక్ట్ లైబ్రరీ సలహా మండలి వేయాలి, అందులో ఎక్కువమంది తల్లిదండ్రులే ఉండాలి. పుస్తకాలు తీయించాలనేవాళ్లు మండలి కావాలంటారు, సరే. మేమూ తల్లిదండ్రులమే కదా. ఇప్పటికి 37 సంతకాలు వచ్చాయి, మొదటిది మా ఆయనది. శనివారం తెలుగు క్లాసు దగ్గర పిల్లల్ని దింపడానికి వచ్చేవాళ్లని అడగాలి. ఆ ఫోన్ చేసిన అమ్మాయిని కూడా.