ఇర్రం మంజిల్ ముందు కాసేపు

నిన్న ఇర్రం మంజిల్ మెట్రో స్టేషన్‌లో దిగి, పనేమీ లేకపోయినా పాత ప్యాలెస్ దాకా నడిచాను. పెచ్చులూడిన గోడలే గానీ, దర్జా తగ్గలేదు. నవాబ్ ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించుకున్న ఇల్లు. దాన్ని పడగొట్టి కొత్త అసెంబ్లీ కడతామని 2019లో కేబినెట్ నిర్ణయిస్తే, సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది.

అంతకుముందు పాత కట్టడాల్ని కాపాడే రూలు మనకి లేక కాదు. హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే రూల్స్‌లో, 13వ నిబంధన ఉండేది. హెరిటేజ్ జాబితాలోని కట్టడాన్ని అనుమతి లేకుండా కూల్చకూడదు, రూపం మార్చకూడదు. ఆ జాబితాలో ఇర్రం మంజిలూ ఉంది. 2015లో ఆ నిబంధననే ఎత్తేశారు! హెరిటేజ్ చట్టం 2017లో గానీ రాలేదు. ఈ మధ్యలో ఎవరికి కావాల్సింది వాళ్లు చేసుకోవచ్చనే ధైర్యం వచ్చేసింది.

అలాగని రూలుంటే చాలని నేననను. మా బాబాయి ఇల్లు గోల్కొండ కోటకి దగ్గర. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే. కొడుక్కి పెళ్లయింది, పైన రెండు గదులు వేసుకుందామంటే కుదరదు. "కోట గోడకున్న విలువ మాకు లేదారా?" అంటాడు. నా దగ్గర జవాబు లేదు. వద్దని చెప్పేవాళ్లు ఆ ఇంటికి పన్నులోనైనా రాయితీ ఇవ్వాలి కదా.

మరమ్మతులకైతే అనుమతి తెచ్చుకోవచ్చు. ఆ కాగితాల పనే ఇప్పుడు చూస్తున్నాం, పైకప్పు ఈ వానలకి ఆగేలా లేదు.