ఎడమ పక్కన చార

మొదట చూసింది మా అత్త. 2021 ఫిబ్రవరిలో, కొండపి దగ్గర మా ఊళ్లో, పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ ముందు కూర్చుని కర్రలకు పచ్చాకు అల్లుతున్నాం. నేను మాటిమాటికీ జాకెట్ పక్కన గోక్కుంటుంటే "ఏందమ్మాయ్ అది, చూడనీ" అని లోపలికి తీసుకుపోయింది. ఎడమ రొమ్ము కింద మొదలై, పక్కన వంపు తిరిగి వీపు దాకా ఆవగింజలంత గోధుమరంగు పొక్కులు, బారుగా. అక్కి అని తేల్చేసింది.

అక్కి అంటే మా ఇళ్లలో డాక్టరు దాకా పోరు. కుమ్మరాయన ఎర్రమన్నుతో రాయాలి. రాయాల్సిన చోటు అది కాబట్టి వాళ్లావిడ చేత రాయించారు. చల్లగా, హాయిగా ఉండింది, అబద్ధం ఎందుకు. కానీ మూడు నాలుగు వారాల్లో మాడిపోవాల్సిన అక్కి నాకు ఉగాదికీ పోలేదు. చెమట పడితే మంట. కొలిమి రాజుకుని, లోపల కాడ ఎండే వేళకి వేడి 160 ఫారన్‌హీట్‌కి చేరుతుంది, ఆ ఛాయలకు పోతేనే ఒళ్లు చిరచిరలాడేది. తర్వాత ఆర్‌ఎంపీ తామర అన్నాడు. ఆయనిచ్చిన ట్యూబు ఏడాదిన్నర రాశాను. రాసినన్నాళ్లు దురద ఉండదు, మానితే మళ్లీ మొదలు. అందులో స్టెరాయిడ్ ఉందని తర్వాతెప్పుడో తెలిసింది.

2023 వేసవిలో రసి కారి వాసన పట్టింది. నా పక్కన నాకే కూర్చోబుద్ధి కాలేదు. ఒంగోలులో ఒక ఆసుపత్రిలో చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. రిపోర్టు చూసిన డాక్టరు తలెత్తకుండానే "డేరియర్ డిసీజ్. వంశపారంపర్యం. పిల్లలకు సగం ఛాన్స్" అన్నాడు. ఇంకేదో అడగబోయేలోపు తర్వాతి పేషెంటును పిలిచారు.

అప్పుడే మా చెల్లెలికి కనిగిరి సంబంధం చూస్తున్నాం. వంశపారంపర్యం అన్న మాట మాకంటే ముందే బస్సెక్కి కనిగిరి చేరింది. వాళ్లు కాదనలేదు, ఔననలేదు, ఫోన్లు మాత్రం ఆగిపోయినై. "మా వైపు ఎవరికుందే ఇది?" అని అమ్మ ఏడుపు. నేనేమో రాత్రిళ్లు లేచి, నిద్రపోతున్న పిల్లల చొక్కాలెత్తి సెల్ లైటుతో వెతికేదాన్ని.

చెల్లెలే పట్టుబట్టి సింగరాయకొండలో రైలెక్కించి నెల్లూరు తీసుకుపోయింది. అక్కడి స్కిన్ డాక్టరు మేడం పొక్కుల్ని రెండు నిమిషాలు చూసింది, మిగతా ఒళ్లంతా అరగంట చూసింది. గోళ్ల మీద ఎర్రవి తెల్లవి నిలువు గీతలున్నాయా, గోరు చివర చీలిందా, అరచేతుల్లో సన్న గుంటలున్నాయా, నోట్లో, చెవుల వెనక, నెత్తిమీద ఏమైనా ఉందా అని. చెల్లెలికీ అన్నీ చూసింది. ఇంకోసారి అమ్మానాన్నల్ని రప్పించి చూసింది. ఎవరికీ ఏమీ లేవు.

"రిపోర్టు తప్పు కాదమ్మా. వంశంలో వచ్చేదీ, ఇలా ఒక చారకే వచ్చేదీ మైక్రోస్కోపులో ఒకేలా ఉంటాయి. వంశం సంగతి మాత్రం ముక్కని చూసి చెప్పేది కాదు, మనిషిని చూసి చెప్పాలి" అంది. కాగితం మీద బొమ్మ గీసి, వీపు మీద వి ఆకారంలో, పక్కల్లో వంపులుగా గీతలు పెట్టింది. 1901లో బ్లాష్కో అనే జర్మన్ డాక్టరు గీసి చూపిన దారులట. కడుపులో బిడ్డ పెరిగేప్పుడు చర్మకణాలు పాకిన దారులు. అక్కి నరం వెంట పోతుంది, నాది ఈ దారి వెంట పోయింది.

నాకు అర్థమైంది మా ఆకు లెక్కలో. దారం వదులైతే కర్ర మీద ఆకు జారిపోతుంది. చర్మకణాలు ఒకదాన్నొకటి పట్టుకోవాలంటే కణం లోపల కాల్షియం సరిగ్గా ఉండాలి. దాన్ని తోడే పంపుకి ఏటీపీ2ఏ2 అనే జన్యువు కావాలి. డేరియర్‌కి మూలం అదేనని 1999లో తేలింది. తల్లిదండ్రుల నుంచి వస్తే ఒళ్లంతటి కణాల్లోనూ ఆ లోపం ఉంటుంది. నాకు పిండం ఏర్పడ్డాక ఒక్క కణంలో లోపం వచ్చి, దాని సంతానం ఈ చార వరకే పరుచుకుంది. దీన్ని కొందరు పుట్టుమచ్చ జాతిలో కలిపి ఇంకో పేరుతో పిలిచేవాళ్లట, ఇప్పుడు డేరియర్‌లోనే ఒక పక్కకి పరిమితమైన రకం అంటున్నారు.

"అయితే పిల్లలకు రాదా మేడం?" అంటే వెంటనే రాదని చెప్పలేదు. అదే లోపం అండంలోనూ ఉంటే రావచ్చు, వస్తే ఒళ్లంతా వస్తుంది, కానీ అది చాలా అరుదు అంది. ఒంగోలులో విన్న సగం ఛాన్స్ తర్వాత నాకది వరంలా వినిపించింది. చెల్లెలికి దీంతో ఏ సంబంధమూ లేదని మాత్రం గట్టిగా చెప్పింది.

రసికి వారం రోజులు మాత్రలు. రాత్రిపూట అడాపలీన్ జెల్, మొదటి వారం మిరపకాయ రుద్దినట్టే ఉండింది. రోజు మార్చి రోజు రాసి, పైన మాయిశ్చరైజర్ పూస్తే తట్టుకున్నాను. నూలు జాకెట్లు, వదులుగా. కొలిమి దగ్గరికి పోవడం మానేసి నీడన గ్రేడింగ్‌కి మారాను. ఆరు నెలలకి చార మీద గోధుమ మచ్చలే మిగిలాయి. ఇప్పటికీ మే నెల వచ్చేసరికి అయిదారు పొక్కులు లేస్తాయి, దసరాకి పోతాయి.

చెల్లెలి పెళ్లి ఆ కనిగిరి వాళ్లతోనే అయింది. మొన్న పండక్కి గాజులు తొడిగే నెపంతో దాని అత్తగారు పది వేళ్ల గోళ్లూ ఒక్కొక్కటే తిప్పి చూసిందట.